అప్పగించని జానెడు బొంత

పొద్దున పది దాటిందంటే మా ఎదురింటి వరండాలో టిక్కు టిక్కుమని చప్పుడు మొదలవుతుంది. ఎంబ్రాయిడరీ చీరల వెనకవైపు వేలాడే దారాలను చిన్న కట్టర్లతో కత్తిరించే చప్పుడు అది. సూరత్‌లో ఆ పనిని ధాగా కటింగ్ అంటారు. ఉధ్నా వదిలి భేస్తాన్‌లో ఈ ఫ్లాటుకు మారినప్పుడు, హమ్మయ్య, ఆ చప్పుడు అక్కడే వదిలేసి వచ్చాననుకున్నాను. ఎక్కడికి పోతుంది? నాకంటే ముందే వచ్చి కూర్చుంది. కిటికీ మూస్తే వినపడదు గానీ, మూయను. అది వింటే నాకు రాజవ్వ పెద్దమ్మ గుర్తుకొస్తుంది. ఆమె గుర్తుకొస్తే సిగ్గేస్తుంది. అప్పుడప్పుడూ అలా సిగ్గుపడడం నాకు అవసరమేనని ఈ మధ్య అనిపిస్తోంది.

రాజవ్వ మాకు చుట్టం కాదు. ఉధ్నాలో మా పక్క గదిలో ఉండేది. ఆమె భర్తా మా నాన్నా ఒకే షెడ్డులో పవర్‌లూమ్ నడిపేవాళ్ళు. ఇద్దరూ కరీంనగర్ వైపు నుంచి పని వెతుక్కుంటూ ఒకే రైల్లో వచ్చారట. ఆమెకు పిల్లలు లేరు. పెద్దమ్మా అని పిలవమని మా అమ్మ చెప్పింది, అలాగే పిలిచాను. పొట్టి మనిషి, ముక్కు మీద కోపం. ఎవరు ఎదురైనా ముందు వాళ్ళ బట్టను రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, ఆ తర్వాతే మొహం చూసేది. నేత కుటుంబంలో పుట్టిన మనిషి కదా, బట్టను బట్టే మనిషిని పోల్చుకునేది. మా గదుల వరుసలో ఆడవాళ్ళందరికీ ఆమె అంటే కాస్త భయం, బోలెడు నమ్మకం.

వ్యాపారి సేఠ్ దగ్గర పనిచేసే మనిషి పొద్దున్నే చీరల మూట పడేసి పోతే, ఆడవాళ్ళంతా వరండాలో చేరి దారాలు కత్తిరించేవాళ్ళు. బడి నుంచి రాగానే నేనూ ఒక కట్టర్ పట్టుకుని కూర్చునేదాన్ని. పదేళ్ళు వచ్చేసరికి నా చెయ్యి అమ్మ చెయ్యికంటే వేగంగా ఆడేది. వేలాడే దారం కనపడితే చాలు, చెయ్యి దానంతట అదే లేచేది. ఒకసారి పెళ్ళిలో ముందు వరుసలో కూర్చున్నావిడ పైట కొంగు చివర దారం ఒకటి వేలాడుతుంటే పంటితో కొరకబోయి అమ్మ చేత తిట్లు తిన్నాను. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. అది చెప్పకుండా ఈ కథ చెప్పలేను.

బొంత కుట్టడం రాజవ్వే నాకు నేర్పింది. సేఠ్ మూటలతో పాటు వచ్చే చిందీ, అంటే కత్తిరింపుల్లో మిగిలే పీలికలు, ఆమె ఒక గోనెసంచిలో దాచేది. కింద పాత చీర, లోపల ఇంకో పాత చీర, పైన రంగురంగుల పీలికలు. మొదటి రోజు నేను పెద్ద తెలివిగా లోపలికి కొత్త బట్ట తెచ్చిచ్చాను. ఆమె దాన్ని నలిపి చూసి నా ఒళ్ళోకి విసిరేసింది.

"కొత్తది ఎయ్యద్దే బిడ్డా. కట్టి కట్టి మెత్తవడ్డదే లోపటికి ఎయ్యాలె. కొత్త బట్టకు మనిషి సంగతి ఏం ఎరుక?"

ఒక వరుస కుట్టేసరికి నాది పాములా మెలికలు తిరిగింది. ఏడుపు మొహంతో విప్పబోతే నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పకు. వంకర పోతె పోనీ. పక్క వరుస దానెంబడే పోతది, అప్పుడు అదే సక్కగ కనవడ్తది." అన్నట్టుగానే నాలుగు వరుసలు పడేసరికి ఆ వంకర ఒక అందంగా మారింది. చిన్నతనంలో నాకు దొరికిన చదువులన్నిటిలో అది పెద్దదని ఇప్పుడు అంటున్నాను గానీ, అప్పుడు మాత్రం హోంవర్క్ మానేయడానికి దొరికిన సాకు.

మా వరుసలో అందరం అద్దెకున్నవాళ్ళమే. ఒకరికి పాండేసరలో రంగుల మిల్లులో పని దొరికేది, ఇంకొకరికి భేస్తాన్‌లో తక్కువ అద్దెకు గది దొరికేది. ఏడాదికి రెండు మూడు కుటుంబాలు సామాను ఆటోలో వేసుకుని వెళ్ళిపోయేవి. వెళ్ళేవాళ్ళూ ఉండేవాళ్ళూ ఒకరికొకరు జానెడు బొంత కుట్టి ఇచ్చుకోవడం మా ఆడవాళ్ళ మధ్య ఒక పద్ధతి. పేరుకు జానెడు గానీ పని మాత్రం పెద్ద బొంతకు పట్టినంత పట్టేది. వేడి గిన్నె దించుకోవడానికి, పసిపిల్ల తల కింద పెట్టడానికి, మగ్గం దగ్గర స్టూలు మీద వేసుకోవడానికి పనికొచ్చేది. ఎవరు ఇచ్చిన బొంతలో వాళ్ళు కట్టి విడిచిన చీర ముక్క ఉండాలి. ఇంకో నియమం రాజవ్వది. షెడ్డులో పారేసే వేస్టు దారం మూడు పోగులు కలిపి, తొడ మీద పేని, ఆమె తన కుట్టుదారం తానే చేసుకునేది. బొంత పూర్తయ్యాక ఆ దారాన్ని తెంపకుండా ఒక మూర పొడవు మూలన వదిలేసేది.

ఆ సంగతి తెలియక ఒకసారి ఘనకార్యం చేశాను. పాండేసర వెళ్ళిపోతున్న ఒకామె కోసం రాజవ్వ కుట్టిన బొంత నా చేతికొచ్చింది, ఇచ్చి రమ్మని. మూలన దారం వేలాడుతోంది. టిక్కుమని కత్తిరించేశాను. మెచ్చుకుంటుందని ఆ ముక్క చూపించాను కూడా. నెత్తిన ఒక్కటి పడింది.

"ఏం పని జేస్తివే! గిది దుకాణంల దొరికే దారమా? రేపు బొంత చినిగితె గామె ఏంబెట్టి కుట్టుకుంటది? నేను పాండేసర దాక పోయి కుడ్తనా? నా దారం ఆమెతాన ఉంటే నా చెయ్యి ఉన్నట్టు లెక్క."

ఆటోను ఆపించి, గడప మీదే కూర్చుని, కొత్త దారం ఎక్కించి రెండు కుట్లు వేసి, మళ్ళీ మూరెడు వదిలి ఇచ్చింది. ఆటోవాడు గుజరాతీలో సణుగుతున్నా తల ఎత్తలేదు. అంటే ఆ దారం ఎందుకో నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు ఆ రోజుతోనే పోయింది.

పెళ్ళయ్యాక నేను జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాను. పని బాగుంటుందన్న పేరు వచ్చింది. అలా వచ్చారు డాక్టర్ సుధ గారు. కోస్తా వైపు నుంచి వచ్చి సూరత్‌లో స్థిరపడిన కంటి డాక్టరు. జాకెట్టు కొలతలిస్తూ నా మిషను స్టూలు మీదున్న జానెడు బొంతను తీసి అటూ ఇటూ తిప్పారు. "ఇది మీరే కుట్టారాండీ? మా ఆదివారం గుంపుకి మీరు రావలసిందే!" అన్నారు. కుట్టుపని మీద ఇష్టమున్న ఆడవాళ్ళు కొందరు రెండు నెలలకోసారి, డబ్బున్నవాళ్ళుండే వేసూ పేటలో సుధ గారింట్లో కలుస్తారు. ఒకరు కాలేజీ లెక్చరరు, ఒకరు బ్యాంకు ఆఫీసరు, తక్కినవాళ్ళు గుజరాతీ గృహిణులు. స్టీలు డబ్బాలో పేర్ల చీటీలు వేసి, ఎవరికి ఎవరి పేరు వస్తే వాళ్ళ కోసం ఒక చిట్టి బొంత కుడతారు. వెనక తమ పేరు కుట్టిన చిన్న పట్టీ ఉండాలి. తర్వాతి కలయికలో ఇచ్చిపుచ్చుకుంటారు.

మా ఉధ్నా వరండాలో జరిగేదే ఇది, కాకపోతే ఏసీ గదిలో. ఆ మాట అక్కడ అనివుంటే ఎంత బాగుండేది! అనలేదు. వాళ్ళ బొంతలు కొత్త కాటన్‌తో, గీత గీసినట్టున్న కుట్లతో, ఒక్క పోగు బయటికి కనపడకుండా ఉండేవి. నేనూ అలాగే కుట్టాను, వాళ్ళకంటే బాగా కుట్టాను. అందరూ నా చుట్టూ చేరారు. ఎక్కడ నేర్చుకున్నావని లెక్చరరు గారు అడిగితే, "చిన్నప్పటి నుంచీ ఇష్టమండీ" అన్నాను. ఇష్టం ఒక్కటే కూర్చోబెట్టి నేర్పినట్టు! ధాగా కటింగ్ అన్న మాట ఆ ఇంట్లో నా నోట ఒక్కసారి కూడా రాలేదు. సోఫాలో ఒక మూలన కూర్చుని, నా చేతులు ఎవరైనా పరీక్షగా చూస్తున్నారేమోనని పైట కింద దాచుకునేదాన్ని.

రాజవ్వకు అప్పటికి భర్త పోయాడు. చూపు మందగించింది. నేనే సుధ గారి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరాయి, షుగరు తగ్గాక గానీ ఆపరేషన్ కుదరదన్నారు. అంతా అయి లేస్తుండగా, డాక్టరు గారి బల్ల మీద నేనిచ్చిన చిట్టి బొంత రాజవ్వ చేతికి తగిలింది. రెండు వేళ్ళ మధ్య నలిపింది.

"గిది మా స్వరూప కుట్టు."

సుధ గారు నవ్వారు. "కళ్ళు కనపడవన్నారు, ఎలా చెప్పారు పెద్దమ్మగారూ?"

"నేర్పినదాన్ని, నాకు తెల్వదా తల్లీ?"

నా తల కొట్టేసినట్టయింది. సుధ గారు మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశారు. ఇంతటి గురువును దాచిపెట్టుకున్నారేమండీ అని నన్ను మందలించి, ఈసారి చీటీలూ గీటీలూ వద్దు, పెద్దమ్మగారు నాకే కుట్టాలని ఆమె చెయ్యి పట్టుకుని అడిగారు. రాజవ్వ మొహం వెలిగిపోయింది. బొంత ఇవ్వమని ఆమెను అడిగిన పక్క గదుల వాళ్ళంతా ఎప్పుడో చెదిరిపోయారు మరి. ఎన్నేళ్ళకో ఒక మనిషి అడిగింది.

ఆ రెండు నెలలూ ఆమె సంబరం చూడాలి. ఎండ బాగా ఉన్నప్పుడు గడపలో కూర్చుని, సూదిలో దారం ఎక్కించమని దారినపోయేవాళ్ళను పిలిచేది. వేళ్ళకు నొప్పుల మందు రాసుకుని మళ్ళీ కుట్టేది. నేను వెళ్తే చూపించేది కాదు, ఒళ్ళో దాచేది. ఆదివారం రెండు రోజులుందనగా, పేరు పట్టీ కుట్టమని నాకిచ్చింది. "కండ్లు కానకున్నా వేళ్ళకు ఎరికే. జూడు, డాక్టరమ్మకు నచ్చుతదా?" అంది. చాలా బాగుందని చెప్పి సంచిలో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి మిషను మీద పరిచాను. ఆకుపచ్చ, పసుపు, మధ్యలో ఇటుక రంగు; రంగుల పొందిక ఇప్పటికీ నేను కుట్టలేనంత అందంగా ఉంది. కానీ కుట్లు! ఒకటి చీమంత, పక్కది గింజంత, కొన్ని వరుసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేశాయి. అంచు దగ్గర ఆమె పాత చీర బయటికి తొంగి చూస్తోంది, దాని మీద పసుపు మరక. నొప్పుల మందు వాసన. మూలన మూరెడు దారం. వేసూ ఇంట్లో గాజు బల్ల మీద దీన్ని పెట్టడం ఊహించుకున్నాను. లెక్చరరు గారు దాన్ని ఎత్తి పట్టుకోవడం, ఓహో నీ గురువు ఈవిడా అన్నట్టు నన్ను చూడడం, అంతా కళ్ళ ముందు కదిలింది. కట్టర్ ఎప్పుడు తీశానో తెలియదు. టిక్కుమంది. మూరెడు దారం నా ఒళ్ళో పడింది.

అలవాటు కొద్దీ కోసేశానని నాకు నేను చెప్పుకోవచ్చు. చెప్పుకున్నాను కూడా. కానీ ఆమె ఇల్లు ఎంత దూరం? తిరిగి వెళ్ళి, పెద్దమ్మా తెగిపోయిందని చెబితే, తిట్టి ఇంకో దారం వదిలేది. వెళ్ళలేదు. బొంతను మిషను సొరుగులో పెట్టి, కొత్త కాటన్ తీసి, అవే రంగులతో ఇంకొకటి కుట్టడం మొదలుపెట్టాను. రెండు రోజుల్లో పూర్తి చేశాను. వెనక పట్టీ మీద రాజవ్వ అని ముద్దుగా కుట్టాను. ఇదంతా ఆమె పరువు నిలపడానికేనని అనుకున్నాను. ఆమె పరువుకు ఏ లోటూ రాలేదని, నా పరువు గురించే నా బెంగ అంతా అని తెలియనంత అమాయకురాలినేం కాదు.

మోకాళ్ళ నొప్పులతో ఆమె రాదులే అనుకున్నాను. ఆదివారం నేను ఉధ్నా వెళ్ళేసరికి ఇస్త్రీ చీర కట్టుకుని గడపలో నిలబడి ఉంది. "గా తల్లి చేతుల నేనే పెడ్త" అంది. ఆటోలో పొట్లం అడిగి తీసుకుని, దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుంది. కాగితం మీద అతికించిన టేపు విప్పుతుందేమోనని ఆమె వేళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాను. విప్పలేదు. నా మీద అంత నమ్మకం.

సుధ గారు గుమ్మం దాకా వచ్చి తీసుకెళ్ళి సోఫాలో కూర్చోబెట్టారు. రాజవ్వ తన రెండు చేతులతో పొట్లం ఇచ్చింది. కాగితం విప్పగానే అందరూ అబ్బా అన్నారు. ఈ వయసులో ఇంత సన్నని కుట్టా అని లెక్చరరు గారు ఆశ్చర్యపోయారు. చేతులు మారి మారి అది రాజవ్వ దగ్గరికి వచ్చింది. ఆమె అలవాటుగా రెండు వేళ్ళ మధ్య నలిపింది. వేళ్ళు ఆగాయి. మళ్ళీ నలిపింది. మూలలు నాలుగూ తడిమింది. తర్వాత మొహం నా వైపు తిప్పింది. ఆ మసక కళ్ళకు నేను కనపడ్డానో లేదో తెలియదు, తల మాత్రం వంచేసుకున్నాను.

ఆ ఒక్క క్షణంలో ఆమె ఏమైనా అనవచ్చు. నాకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. ఆమె బొంతను సుధ గారి చేతిలో పెట్టి, "మీకు నచ్చితె సాలు తల్లీ" అంది. సుధ గారు కుట్ల వైపు, ఆమె కళ్ళ వైపు ఒకసారి చూసి, చాలా బాగుంది పెద్దమ్మగారూ అన్నారు. ఎవరో ఫోటో తీస్తామన్నారు. తాను కుట్టని బొంతను గుండెకు ఆనించి పట్టుకుని రాజవ్వ ఫోటో దిగింది. పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఆడని మనిషి చేత నా కోసం అబద్ధం ఆడించాను.

తిరిగొచ్చేటప్పుడు ఇద్దరం ఆటో ఎక్కాం. ఉధ్నా దగ్గర పడుతుండగా అడిగింది.

"నాది ఏడున్నదే?"

"ఇంట్ల ఉన్నది పెద్దమ్మా. కుట్లు జర..."

"నాకు ఎరుకనే. నా కండ్ల సంగతి నాకు తెల్వదా?" మళ్ళీ తనే, "అవుగని, నువ్వు కుట్టినదానికి దారమన్న ఇడ్వలేదేందే? మూలలన్ని జూసిన. చినిగితె గా తల్లి ఏం జేస్తది?"

తిట్టి ఉంటే బాగుండేది. నెత్తిన ఒక్కటి వేసి ఉంటే ఇంకా బాగుండేది. ముక్కు మీద కోపమున్న మనిషి ఆ రోజు కోప్పడలేదు. ఆమెకు తన బొంత గురించి కాదు, తీసుకున్న మనిషి గురించి బెంగ. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. క్షమించమని అడగాలనుకున్నాను. గది వచ్చేసింది, ఆమె దిగింది.

తర్వాత షుగరు తగ్గి ఆపరేషన్ అయింది, చూపు వచ్చింది. రంగుల పీలికలు ఏరి సంచి నింపి తీసుకెళ్ళాను. చూసి, నలిపి, పక్కన పెట్టింది. "ఇగ నువ్వున్నవు గద కుట్టనీకి" అంది. మాటలో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అంది. మళ్ళీ సూది పట్టలేదు. నన్ను చూస్తే ఎప్పట్లాగే టీ పెట్టేది, అమ్మ గురించి అడిగేది. మా మధ్య ఏమీ మారలేదని ఎవరైనా అనుకుంటారు. కుట్టుపని గురించి తప్ప అన్నీ మాట్లాడుకునేవాళ్ళం. ఆపరేషన్ తర్వాత వచ్చిన రెండో వానాకాలంలో జ్వరం వచ్చి వారం రోజుల్లో పోయింది.

పరామర్శకు సుధ గారు మా ఇంటికొచ్చారు. నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి మెల్లగా అన్నారు.

"ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి స్వరూప గారూ. ఆ బొంత మీరు కుట్టిందేనని నాకు ఆ రోజే తెలుసండీ. ఆ కళ్ళతో ఆ కుట్టు పడదు. పాపం, ఆవిడ వల్ల కాలేదు కాబోలు. చిన్నబుచ్చుకోకూడదని మీరే కుట్టి ఆవిడ పేరు పెట్టారు. కన్నకూతురు కూడా అంత చెయ్యదు."

నేను తలూపాను. అవును, తలూపాను. ఆమె కళ్ళు తుడుచుకున్నారు, నేనూ తుడుచుకున్నాను. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగారు.

"ఆవిడ చేత్తో నిజంగా కుట్టింది ఏదైనా, సగంలో ఆపేసిందైనా సరే, మీ దగ్గరుంటే నాకివ్వండి. దాచుకుంటాను."

పెద్దమ్మ బొంత ఉన్న మిషను సొరుగు మా ఇద్దరికీ మధ్యలోనే ఉంది. తీసి ఇస్తే, అది పూర్తయిన బొంత అని ఆమెకు చూడగానే తెలిసిపోతుంది. కన్నకూతురిని మించిన ప్రేమ కాస్తా ఏమిటో బయటపడుతుంది.

"లేదండీ," అన్నాను.

ఇప్పుడు ఆ గుంపులో కొత్తగా వచ్చేవాళ్ళకు నేనే కుట్టు నేర్పుతున్నాను. నన్ను పరిచయం చేసేటప్పుడల్లా సుధ గారు, గురువు పరువు కాపాడిన శిష్యురాలని ఆ కథ చెబుతారు. అందరూ చప్పట్లు కొడతారు. నేను నవ్వుతూ నిలబడతాను. అలా నిలబడి ఉన్నంతసేపూ రాజవ్వను కళ్ళు కనపడక పని వదిలేసిన మనిషిగా వాళ్ళందరి ముందూ నిలబెడుతున్నాను. ఆమె ఏ పనీ సగంలో వదిలిన మనిషి కాదు. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు ఇన్నాళ్ళూ రాలేదు. అందుకే రాస్తున్నాను.

డాక్టరు గారూ, ఉందండీ. పెద్దమ్మ పూర్తిగానే కుట్టింది. మీకు నచ్చుతుందా అని అడిగి మరీ ఇచ్చింది. నేనే ఇవ్వలేదు.